గిట్టుబాటు అవుతుందా?

మా మెకానిక్ నాకో బేరం పెట్టాడు. నా మోటార్ సైకిల్‌కి పెద్ద సిలిండర్, పెద్ద పిస్టన్ వేసి 499 సీసీ ఇంజన్‌ని 535 సీసీ చేస్తాడట. సామానూ కూలీ కలిపి 1,350 డాలర్లు. ఈ ధర నెలాఖరు వరకే. ఆ తర్వాత ఇంకో 400 ఎక్కువ.

నా బుర్రలో మొదట వచ్చిన ప్రశ్న ఇంగ్లీషులోనే వచ్చింది. చదువంతా ఇంగ్లీషు మీడియం కదా, డబ్బు లెక్కలన్నీ నాకు ఆ భాషలోనే వస్తాయి. దాన్ని తెలుగులో ఎలా అడగాలి? "విలువ ఉందా" అంటే సరిగ్గా అతకలేదు. మా ఆవిడని అడిగితే ఒక్క మాటలో చెప్పింది. "గిట్టుబాటు అవుతుందా అనండి. ఇంతకీ ఎవరికి గిట్టుబాటండీ, ఆయనకా మనకా?"

సరే, ఈసారి లెక్కంతా తెలుగులోనే వేద్దామని కూర్చున్నాను.

నా బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 500. మావాళ్ళందరూ దాన్ని బుల్లెట్ అనే అంటారు. ఒకటే సిలిండర్. దాని లోపలి వ్యాసం 84 మిల్లీమీటర్లు. పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 90 మిల్లీమీటర్లు. (వ్యాసం అంటే మీరిప్పుడు చదువుతున్నది మాత్రమే కాదు, గుండ్రటి వస్తువుకి అడ్డంగా కొలిచే కొలత కూడా. ఈ రెండో అర్థం నాకు ఈ బేరం వల్లే తెలిసింది.) వ్యాసంలో సగాన్ని దానితోనే గుణించి, దాన్ని 3.1416తో, మళ్ళీ 90తో గుణిస్తే 499 సీసీ వస్తుంది. వ్యాసం 87 చేస్తే 535 వస్తుంది. అంటే నేను 1,350 డాలర్లు పెట్టి కొనేది మూడు మిల్లీమీటర్లు!

ఆ మూడు మిల్లీమీటర్లు ఏమిస్తాయి? ఈ కొలతలతోనే కంపెనీ 2013లో కాంటినెంటల్ జీటీ అనే బండి తెచ్చింది. దాని శక్తి 29.1 హార్స్ పవర్. నా బండిది 27.2. తేడా రెండు కూడా లేదు, సుమారు 7 శాతం. సీసీ పెరిగింది కూడా 7 శాతమే.

7 శాతం శక్తి పెరిగితే వేగం కూడా 7 శాతం పెరుగుతుందా? పెరగదు. వేగం పెరిగేకొద్దీ గాలి ఇంకా గట్టిగా అడ్డుకుంటుంది. ఆ గాలిని తోసుకుంటూ రెట్టింపు వేగంతో వెళ్ళాలంటే శక్తి రెట్టింపు చాలదు, ఎనిమిది రెట్లు కావాలి. ఆ లెక్కన 7 శాతం శక్తికి వచ్చే వేగం 2 శాతం చిల్లర. నా బండి గట్టిగా తిప్పితే 75 మైళ్ళు వెళ్తుంది. ఆ తర్వాత 77 దగ్గర ఆగుతుంది.

ఖర్చు 1,350తో ఆగదు. ఇంజన్ పెద్దదైతే పెట్రోలు ఎంత వదలాలో బండిలోని కంప్యూటర్‌కి మళ్ళీ నేర్పాలి. దానికి ఇంకో 300. మొత్తం 1,650. ఒక్కో హార్స్ పవర్‌కి 870 డాలర్ల దాకా పడింది. అదే కంపెనీ 2018లో తెచ్చిన ఇంటర్‌సెప్టర్ 650కి రెండు సిలిండర్లు, 47 హార్స్ పవర్. నా బండి అమ్మి వాడినది ఒకటి కొంటే, మా ఊరి ధరల ప్రకారం పైన 1,800 వేసుకోవాలి. అప్పుడు హార్స్ పవర్ 91 డాలర్లకే వస్తుంది. శక్తే కావాలంటే మెకానిక్ చెప్పినది గిట్టుబాటు బేరం కాదు. అంతవరకూ తేలిపోయింది.

కానీ నాకు శక్తి ఎందుకు కావాలి? అసలు ప్రశ్న అది. శనివారం తెల్లవారుజామున నేను గుడికి వెళ్ళి ప్రసాదం వంటలో సాయం చేస్తాను. దారిలో 14 మైళ్ళు ఇంటర్‌స్టేట్. అక్కడ పరిమితి 65 అయినా అందరూ 75లో వెళ్తారు. ర్యాంపు మీంచి ఎక్కుతున్నప్పుడు వెనక లారీ లైట్లు అద్దంలో పెద్దవవుతూ ఉంటాయి. నాకు అరవై దాటాయి. చేతులు హ్యాండిల్‌ని ఎంత గట్టిగా పట్టుకుంటాయో నాకే తెలుసు. నేను నిజంగా కొనబోయింది ఆ భయం పోయే మందు. రెండు మైళ్ళ వేగం ఆ మందు కాదు. వెనకొచ్చే లారీకి 75కీ 77కీ తేడా తెలియదు.

నిఘంటువులో చూస్తే "గిట్టు"కి మూడు అర్థాలున్నాయి. ఒకటి లాభం రావడం: "ఆ ధరకి నాకు గిట్టదు." రెండోది నచ్చడం: "వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి గిట్టదు." మూడోది చనిపోవడం: పుట్టడం, గిట్టడం. మా ఆవిడ అడిగింది మొదటి అర్థంలోనే అనుకున్నాను. మూడోది కూడా ఉందేమో!

బేరం వద్దన్నాను. మెకానిక్ మంచివాడు, ఏమీ అనుకోలేదు. ఆయన చేతే రెండు కొత్త టైర్లు, ముందు బ్రేకు ప్యాడ్లు వేయించాను. కూలీతో కలిపి 430 అయింది. శనివారాలు ఇప్పుడు పాత కౌంటీ రోడ్డు మీద, 45 మైళ్ళ వేగంతో వెళ్తున్నాను. పదకొండు నిమిషాలు ఎక్కువ పడుతుంది కాబట్టి అలారం అంత ముందుకి జరిపాను. వాన పడితే కారు తీస్తాను.

650 మీద మనసు పూర్తిగా పోలేదు, నిజం చెప్పాలంటే. దాని గురించి వసంతకాలంలో ఆలోచిస్తాను. ఈలోగా ఒక చిన్న అభ్యాసం. మీ ఇంట్లో ఈ వారం ఏదైనా కొనేటప్పుడు "గిట్టుబాటు అవుతుందా?" అని పెద్దవాళ్ళని తెలుగులో అడిగి చూడండి. వాళ్ళు ఏ మాటతో జవాబు చెప్తారో రాసుకోండి. నా తెలుగులో పొరపాట్లుంటే మొహమాటపడకుండా సరిదిద్దండి.