సొట్ట కాదు, గాడి చూడండి

మా సీతంపేట వైపు కొండల్లో వాడే నాటు తుపాకీకి ఇత్తడి కేసే ఉండదు. మూతిలోంచి మందు పోసి, పీచు కుక్కి, గుళ్ళు వేసి కడ్డీతో దట్టించడమే. (2022 నుంచి మాది పార్వతీపురం మన్యం జిల్లా గానీ, నాకింకా శ్రీకాకుళమే.) అందుకేనేమో, అమెరికాలో మనవాళ్ళు రేంజిలో ఖాళీ కేసులు ఏరి తెచ్చుకుని, వాటిలో కొత్త ప్రైమరు, మందు, బుల్లెట్టు పెట్టుకుంటుంటే మొదట్లో వింతగా ఉండేది. ఇప్పుడు నేనూ ఏరుతున్నాను లెండి.

వీళ్ళలో ఎప్పుడూ వినబడే గోల ఒకటుంది: సెమీ ఆటోమేటిక్ రైఫిలు ఇత్తడిని పాడు చేస్తుందని. చేస్తుంది మరి! ఆ డిజైన్లలో చాలా వాటికి మూలం సైన్యాలే. బురదలో కూడా కేసు బయటికొచ్చి పడితే చాలు వాళ్ళకి, తర్వాత అదేమైతే ఎవడిక్కావాలి? జర్మన్ జీ3 ఛాంబర్లో నిలువు కాలువలుంటాయి, అందుకే కేసు ఒంటినిండా నల్లటి చారలు. మన పోలీసుల ఎస్సెల్లార్‌కి మాతృక ఎఫ్ఏఎల్. అది కాస్త నయం, గ్యాస్ రెగ్యులేటర్ తిప్పి దూకుడు తగ్గించుకోవచ్చు. (మన దగ్గరా ప్రాక్టీసయ్యాక ఖాళీలు ఏరతారు. లెక్క అప్పజెప్పడానికి, నింపడానికి కాదు.)

అయితే అందరూ ఏడ్చేది మూతి సొట్టల గురించి. నా మటుకు నాకు అది అనవసరపు ఏడుపు. సైజింగ్ డైలోకి తోస్తే మామూలు సొట్ట దానంతటదే పోతుంది. అసలు ప్రమాదం అడుగున. పేలినప్పుడు కేసు గోడలు ఛాంబర్‌ని కరుచుకుంటాయి, అడుగు భాగం వెనక్కి జరుగుతుంది, మధ్యలో ఇత్తడి సాగి పలచబడుతుంది. సెమీ ఆటోలో ఒత్తిడి పూర్తిగా దిగకముందే లాగేయడం, మళ్ళీ ఇరుక్కోకుండా పోవాలని ప్రతిసారీ నిలువునా కుదించడం. ఇలా సాగదీసి, కుదించి, సాగదీసి... ఒకరోజు కేసు రెండు ముక్కలవుతుంది. వేడి గ్యాస్ మొహం వైపు తన్నొచ్చు. (మనకి కొత్తా? స్క్రీన్ మీద స్పెల్లింగు తప్పుకి పది బగ్గులు రాస్తారు, మెమరీ లీకు ఎవరికీ కనబడదు.)

బోల్ట్ యాక్షన్ అయితే నిశ్చింత అనీ అనుకోకండి. మన పాత త్రీ నాట్ త్రీ ఛాంబర్ వదులు, అక్కడా సాగుతుంది.

కొట్టేకొద్దీ ఇత్తడి పెళుసవుతుందని, కాలిస్తే మెత్తబడుతుందని మా బుడితి పనివాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. కేసుకైతే మెడ వరకే కాల్చాలి. అడుగు మెత్తబడిందా, ఇక అంతే.

నేను చేసేది చాలా చిన్న పని. పేపర్ క్లిప్పు వంచి, కొన సాది, కేసు లోపల అడుగు నుంచి పైకి గీకుతాను. గాడి తగిలినట్టు అనుమానమొచ్చినా చాలు, పట్టకారుతో నొక్కి తుక్కు డబ్బాలో పడేస్తాను. మొన్న పడేసిన వాటిలో చాలావాటికి పైన ఒక్క సొట్టా లేదు.