నిగ్రహమూ అనుగ్రహమూ

మా ఇంటి ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె వెనుక ఒక చిన్న అట్టపెట్టె ఉండేది. చుట్టాలెవరైనా వస్తే దానిని ఇంకా వెనక్కు జరిపేదాన్ని. అందులో ఉన్నది వారానికొకసారి పొట్టమీద చర్మం కింద వేసుకొనే ఇంజక్షను మందు. మధుమేహానికీ, ఏటేటా పెరుగుతున్న శరీరానికీ కలిపి వైద్యుడు వ్రాసి ఇచ్చినది. థైరాయిడు మాత్రల సీసా మాత్రం భోజనాల బల్లమీదనే, ఉప్పుడబ్బా పక్కన, అందరికీ కనబడుతూ ఉండేది. ఒక మందు బల్లమీదా, ఇంకొకటి చాటునా ఎందుకుండాలని చాలాకాలం నన్ను నేను ప్రశ్నించుకోలేదు.

ఎనిమిది నెలల్లో పదకొండు కిలోలు తగ్గాను. చూసినవారు "ఎట్లా తగ్గారండీ?" అని అడిగేవారు. "నడుస్తున్నాను" అనేదాన్ని. అది పూర్తిగా అబద్ధం కాదు, రోజూ నడిచేదాన్నే. కాని అంతకుముందు ఆరేళ్ళూ అట్లాగే నడిచాను. అప్పుడెవరూ ఏమీ అడుగలేదు. అడిగేందుకు నాలో కనబడే మార్పు ఏదీ లేదు.

అనువాదం చేసేవాళ్ళకు మాటలను తూచడం నిత్యకృత్యం. హిందీలో 'ఖాతే-పీతే ఘర్ కా' అని ఒక నానుడి ఉన్నది. తిండికి లోటులేని ఇంటివాడని దాని అర్థం. అది మెప్పా, ఎత్తిపొడుపా అన్నది పలికే గొంతునుబట్టి తేలుతుంది. మన 'ఒళ్ళు చేశావు' కూడా అంతే. జబ్బుపడి లేచినవానితో అంటే దీవెన. పెళ్ళి కావలసిన పిల్లతో అంటే తీర్పు. కరవులెరిగిన దేశంలో బొజ్జ సిరికి గుర్తు. ఆ సిరి పదిమందికీ అందిన తరువాత అదే బొజ్జ సోమరితనానికి గుర్తయినది. మాట మారలేదు, దానిలోని తూకం మారినది.

ఆ తూకం ఎంత క్రూరంగా ఉండగలదో హిందీ సినిమా చూపించినది. ఉమాదేవి ఖత్రీ 1947లో వచ్చిన 'దర్ద్' చిత్రంలో పాడి పేరు తెచ్చుకొన్న గాయని. 1950లో 'బాబుల్'తో హాస్యనటి అయినది. టున్‌టున్ అన్న పేరు అప్పుడే స్థిరపడినది. తెరమీది ఆ పేరు వీధిలోకి దిగి, లావుపాటి ఆడపిల్లలందరికీ ఎగతాళిపేరుగా అంటుకొన్నది. నేను హిందీ ఎమ్.ఏ. చదివే రోజుల్లో మా వసతిగృహంలో ఒక అమ్మాయిని మేమందరమూ అట్లాగే పిలిచేవాళ్ళం. ఆమె చక్కగా పాడేది. అసలు టున్‌టున్ కూడా గాయనేనని అప్పుడు మాకు తెలియదు. తెలిసినా పేరు మార్చేవాళ్ళమని నేను అనుకోను.

ఈ నింద సినిమాతో పుట్టినది కాదు. చరకసంహిత సూత్రస్థానంలోని ఇరవైయొకటవ అధ్యాయం పేరే 'అష్టౌనిందితీయం'. లోకం నిందించే ఎనిమిది విధాల శరీరాలలో మిక్కిలి లావైనవారూ ఉన్నారు, మిక్కిలి సన్ననివారూ ఉన్నారు. స్థూలతకు అతిభోజనం, వ్యాయామం లేకపోవడం, పగటినిద్ర మొదలైన కారణాలను చెబుతూ, చివర 'బీజస్వభావం' అని ఆ గ్రంథం ఒక మాట చేర్చినది. తల్లిదండ్రులనుంచి వచ్చే స్వభావమన్నమాట. మనం మొదటి కారణాలను కంఠస్థం చేసి చివరి మాటను మరచిపోయినాము.

ఆ చివరి మాట విలువ నాకు మందు తెలియజెప్పినది. భోజనం చేసినప్పుడు మన పేగులు జీఎల్‌పీ-1 అనే హార్మోనును విడుదల చేస్తాయి. కడుపు నిండినదని మెదడుకు చెప్పేవాటిలో అది ఒకటి. సహజంగా అది కొద్ది నిమిషాలలోనే విరిగిపోతుంది. దాని పనినే రోజుల తరబడి చేసేటట్లు శాస్త్రజ్ఞులు మందులు తయారుచేశారు. అందులో సెమాగ్లుటైడ్ ఒకటి. 2025 మార్చిలో మన దేశానికి వచ్చిన టిర్జెపటైడ్, నేను వేసుకొనేది, ఇంకొకటి.

మూడవ వారమో నాలుగవ వారమో, ఒక సాయంకాలం హిందీ కథ ఒకటి తెలుగు చేస్తూ కూర్చున్నాను. రెండు గంటలు గడచినవి. వంటింటి అలమారలోని జంతికలు ఒక్కసారైనా గుర్తుకు రాలేదు. నా జీవితంలో అటువంటి సాయంకాలం అంతకుముందు లేదు. చిన్ననాటినుంచి తిండి తలపు నా చెవిలో రొదలాగా ఉండేది. దానితో పోరాడుతూనే చదివాను, ఉద్యోగం చేశాను, పిల్లలను పెంచాను. ఆ రొద ఆగిన తరువాత ఆలోచించాను: సన్నగా ఉండే నా స్నేహితురాళ్ళలో కొందరు పుట్టుకనుంచీ ఈ నిశ్శబ్దంలోనే ఉన్నారేమో! వారు నిగ్రహమనుకొన్నది కొంతవరకు శరీరం వారికి చేసిన అనుగ్రహమేమో!

అయినా నేను పెట్టెను దాచుతూనే ఉన్నాను. నా మాట నమ్మి మా చెల్లెలు నడక మొదలుపెట్టినది. మోకాళ్ళ నొప్పులతో తెల్లవారుజామున నాలుగు నెలలు నడిచినది. బరువు ఒక కిలో తగ్గినది. ఒకనాడు ఫోనులో, "నీకున్న పట్టుదల నాకు లేదక్కా" అన్నది. ఆ మాటకు నాకు నోట మాట రాలేదు. లోకం నామీద మోపిన నిందను నేను దించుకొని, దాని నెత్తిన పెట్టాను.

మరునాడు నేనే ఫోను చేసి ఉన్నదంతా చెప్పాను. కొంతసేపు మౌనంగా ఉండి, "మందు వేసుకొన్నందుకు సిగ్గుపడ్డావా, లావుగా ఉన్నందుకా?" అని అడిగినది. రెండింటికీ అన్నాను.

మందు గొప్పదని చెప్పడం నా ఉద్దేశం కాదు. వికారమూ మలబద్ధకమూ నేను పడ్డాను. కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. 2021లో ప్రకటించిన ఒక పరీక్షలో సెమాగ్లుటైడ్ తీసుకొన్నవారు 68 వారాలలో సగటున నూటికి పదిహేను వంతుల బరువు తగ్గారు. మందు మానిన ఏడాదిలో, తగ్గినదానిలో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినది. టిర్జెపటైడ్ వచ్చిన కొత్తలో అతి తక్కువ మోతాదుకే నెలకు 14,000 రూపాయలయ్యేది. ఆ డబ్బు పెట్టగలవారు ఎందరు?

నాకు భయం కలిగించేది మరొకటి. నిన్నటివరకు "నోరు కట్టుకోలేవా?" అన్నవారు, రేపు "ఆ సూది వేయించుకోలేవా?" అంటారు. వేయించుకొంటే "కష్టపడకుండా తగ్గినది" అంటారు. రక్తపుపోటు మాత్ర మింగేవానిని కష్టపడకుండా బాగయ్యాడని ఎవరూ అనరు. మందు శరీరాన్ని మార్చినది; చూసే కంటికి మందు ఇంకా రాలేదు.

చెల్లెలికి ఈ మందు సరిపడుతుందా అన్నది వైద్యుడు తేల్చవలసిన సంగతి. ప్రస్తుతం అది తన మోకాళ్ళు ఓర్చినంతవరకే, తన ఇష్టానికి నడుస్తున్నది. నా పెట్టె ఇప్పుడు పెరుగుగిన్నెకు ముందే ఉంటున్నది. మొన్న ఒక పొరుగావిడ దానిని చూసి ఏమిటని అడిగినది; చెప్పాను. ఆమె తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "నేనూ వేసుకొంటున్నానండీ" అన్నది.