రాజ్‌కోట్: బావిగట్టు నుంచి మైక్రాన్ దాకా

నీళ్లు లేని నేల ఇంజన్లను కన్నది. ఇంజన్లు లేత్‌లను తెచ్చాయి. ఇప్పుడు ఆ ఊరి యంత్రాల చుట్టూ వేలాది చిన్న షెడ్ల ఆశలూ అప్పులూ తిరుగుతున్నాయి.

మధ్యాహ్నం ఒంటిగంట దాటిందంటే రాజ్‌కోట్ బజారు కునుకు తీస్తుంది. షట్టర్లు దిగిపోతాయి. నాలుగయ్యేదాకా బేరాల్లేవు. ఈ అలవాటు మీద గుజరాత్‌లో జోకులకు కొదవలేదు. కానీ గోండల్ రోడ్డులో షాపర్ వైపో, కాలావడ్ రోడ్డులో మెటోడా వైపో వెళితే ఆ కునుకు ఛాయలు కనిపించవు. రేకుల షెడ్లలో కూలెంట్ వాసన, గుమ్మం పక్కన చుట్టలు తిరిగిన ఇనుప తునకల గుట్టలు, మోటార్ల హోరు. లోపల ఓ మూల బెల్టుతో తిరిగే పాత లేత్ ఉంటుంది. దాని పక్కనే అద్దాల తలుపు, చిన్న తెర, మీటల పలక ఉన్న సీఎన్‌సీ యంత్రం. కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని కోసే ఈ కొత్త కోడలికి అత్తగారు ఆ పాత లేతే. రెండూ ఈ ఊళ్లోనే పుట్టి ఉండే అవకాశం ఎక్కువ.

రాజ్‌కోట్ కథ మొదలైంది మాత్రం ఇనుముతో కాదు, నీటితో. సౌరాష్ట్రలో జీవనదులు లేవు. వేరుశనగ, పత్తి పండాలంటే బావే దిక్కు. ఊరి పక్కనున్న ఆజీ నది ఏడాదిలో ఎక్కువ కాలం పేరుకే నది. 1986 కరువులో ఈ నగరానికి రైలు వ్యాగన్లలో తాగునీరు తేవాల్సి వచ్చింది. కరెంటు అందని పల్లెల్లో బావి నుంచి నీరు తోడటానికి రైతు నమ్ముకున్నది డీజిల్ ఇంజన్‌ను. ఇంగ్లండ్‌లోని లిస్టర్ కంపెనీ రూపొందించిన బరువైన, నిదానంగా తిరిగే ఇంజన్‌ను విప్పి చూసి, ఇక్కడి కమ్మరులు, వడ్రంగులు, రైతు బిడ్డలు అలాంటిదే పోతపోశారు. అసలు కంపెనీ 1980ల్లో ఆ నమూనా తయారీ ఆపేసింది. రాజ్‌కోట్ ఆపలేదు. ఇక్కడి ఇంజన్లు ఆఫ్రికా దాకా వెళ్లాయి.

ఇంజన్ చేయాలంటే పోత కావాలి, పోతను చెక్కడానికి లేత్ కావాలి. బయటి నుంచి కొనే స్తోమత లేనివాళ్లు లేత్‌నే తయారు చేయడం మొదలుపెట్టారు. యంత్రాలను తయారు చేసే యంత్రాల పరిశ్రమ ఈ ఊరికి అలా వచ్చింది. బెంగళూరు సంగతి వేరు. అక్కడ 1953లో కేంద్ర ప్రభుత్వం హెచ్ఎంటీని నెలకొల్పింది. ప్రణాళిక, విదేశీ సాంకేతిక సహకారం, శిక్షణ కేంద్రాలు అన్నీ పైనుంచి వచ్చాయి. రాజ్‌కోట్‌లో పరిశ్రమ అడుగు నుంచి మొలిచింది. దేశంలోని తొలి పారిశ్రామికవాడల్లో ఒకటైన భక్తినగర్ 1955లో ఇక్కడే ఏర్పడటం సర్కారు అందించిన చేయూత. తర్వాత ఆజీ, మెటోడా, షాపర్ వచ్చాయి. ఫౌండ్రీలు, ఫోర్జింగ్ యూనిట్లు, బేరింగులు, క్రాంక్‌షాఫ్ట్‌లు, మూడు చక్రాల ఆటోలు... ఒకదాన్ని పట్టుకుని ఒకటి పెరిగాయి.

ఈ పెరుగుదలకు నమూనాగా ఊరంతా చూపించే పేరు జ్యోతి సీఎన్‌సీ. పరాక్రమ్‌సిన్హ్ జడేజా 1989లో చిన్నగా మొదలుపెట్టిన ఈ సంస్థ 2007లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ కేంద్రంగా ఉన్న హ్యూరాన్ అనే యంత్ర తయారీ కంపెనీని కొనేసింది. 2024 జనవరిలో వెయ్యి కోట్ల రూపాయల పబ్లిక్ ఇష్యూతో స్టాక్ మార్కెట్ కెక్కింది. మెటోడాలోనే ఉన్న మాక్‌పవర్ అంతకు ముందే, 2018లో, చిన్న సంస్థల ఎక్స్ఛేంజీలో నమోదైంది. అయితే ఈ పెద్ద పేర్లకన్నా ఆసక్తికరమైన సంగతి వాటి గేటు బయట ఉంది. అది ఆ యంత్రాలను కొన్న చిన్న షెడ్ల బతుకు.

ఓ చిన్న వర్క్‌షాపు యజమానికి మామూలు సీఎన్‌సీ లేత్ కొనడమంటే ఇల్లు కట్టినంత పని. పది, పదిహేను లక్షల మాట. యంత్రం అమ్మే సంస్థ చేసే సాయం అక్కడే మొదలవుతుంది. ఆ యజమాని తయారు చేయాల్సిన భాగం డ్రాయింగు తీసుకుని, ఒక్కో ముక్కకు ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కగట్టి చూపిస్తారు. ముక్కను పట్టే ఫిక్స్చర్, కోసే టూళ్లు ఎంచి, తొలి ప్రోగ్రామ్ రాసిస్తారు. బ్యాంకు వాళ్లకు కావాల్సిన కొటేషన్లు సమకూరుస్తారు. ఆపరేటర్‌కు కొన్ని రోజుల శిక్షణ ఇస్తారు. నిన్నటిదాకా చెవితో శబ్దం విని, చేత్తో తడిమి కొలత పసిగట్టిన కుర్రాడు ఇవాళ తెర మీద అంకెలు చదవాలి. మనిషి వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. ఆటో కంపెనీలకు వెళ్లే భాగంలో పది మైక్రాన్ల తేడా వచ్చినా సరుకు తిరిగొస్తుంది.

కానీ అమ్మకందారు అసలు విలువ తేలేది యంత్రం కొన్న రోజు కాదు, ఆగిన రోజు. స్పిండిల్‌లో వింత శబ్దం వచ్చిందంటే, తెర మీద ఎర్ర అలారం వెలిగిందంటే షెడ్డులో అందరి గుండెలూ ఆగుతాయి. యంత్రం ఆగినా నెల వాయిదా ఆగదు. సరుకు అందకపోతే ఆర్డరు పక్క షెడ్డుకు పోతుంది. విదేశీ యంత్రమైతే ఇంజనీరు కోసం, విడిభాగం కోసం రోజుల తరబడి ఎదురుచూపు. అమ్మినవాళ్లు పది, ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటే స్కూటర్ మీద మనిషి వస్తాడు. ఆ దగ్గరితనమే రాజ్‌కోట్ పెట్టుబడి. పోత పోసేవాడు, గేర్ కోసేవాడు, యంత్రం బిగించేవాడు, దాన్ని వాడేవాడు ఒకే టీ కొట్టు దగ్గర కలుస్తారు. వాడేవాడి ఫిర్యాదు మరుసటి మోడల్‌లో మార్పుగా తేలుతుంది.

ఈ బంధంలో చేదు కూడా ఉంది. శిక్షణ పొందిన ఆపరేటర్‌ను నాలుగు డబ్బులు ఎక్కువిచ్చి పక్క షెడ్డు లాగేసుకుంటుంది. వారంటీ ముగిశాక విడిభాగాల ధర చెప్పేది ఒక్కరే. చిన్న పరిశ్రమలు యంత్రాలు ఆధునికం చేసుకోవడానికి కోటి రూపాయల దాకా పెట్టుబడిపై 15 శాతం రాయితీ ఇచ్చిన కేంద్ర పథకం గడువు 2020 మార్చితో తీరింది. ఆర్డర్లు తగ్గిన నెలల్లో యంత్రం ఆస్తి కాదు, మెడకు గుదిబండ.

అంతకన్నా లోతైన లోటు మరొకటి. బెడ్ ఇక్కడి పోత, బిగింపు ఇక్కడి చేతులు. మెదడు మాత్రం చాలావరకు పరాయిది. యంత్రాన్ని నడిపించే కంట్రోలర్లలో ఎక్కువ భాగం జపాన్, జర్మనీ కంపెనీలవే. ఖచ్చితమైన బాల్‌స్క్రూలు, గైడ్‌వేల కోసం కూడా దిగుమతుల వైపే చూడాలి. దానికి తోడు విద్యుత్ వాహనాల రాక. క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ అక్కర్లేని బండి రోడ్డెక్కితే, ఇంజన్ మీదే ఎదిగిన ఊరు మళ్లీ కొత్త పని వెతుక్కోవాలి. యంత్ర తయారీదారులు రక్షణ, విమానయాన భాగాల వైపు చూస్తున్నారు. చిన్న షెడ్డుకు ఆ మెట్టు ఎక్కడం అంత తేలిక కాదు.

ఈ లెక్క తెలుగువారికీ పరాయిది కాదు. హైదరాబాద్‌లో 1943లోనే ప్రాగా టూల్స్ వెలిసింది. 1968లో బాలానగర్‌లో కేంద్ర టూల్ డిజైన్ సంస్థ వచ్చింది. దాని చుట్టూ వందలాది వర్క్‌షాపులు మొలిచాయి. శిక్షణ ఉంది, నైపుణ్యం ఉంది. కానీ ప్రాగా వెలుగు తగ్గాక ఆ స్థాయిలో యంత్రాన్ని చేసి, అమ్మి, బాగుచేసే సంస్థ పక్క వీధిలో లేదు. బాలానగర్‌లోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా కొత్త యంత్రం కొనేవాడు ధరతో పాటు అడిగే రెండో ప్రశ్న ఒకటే: సర్వీసు మనిషి ఏ ఊళ్లో ఉంటాడు?

రాజ్‌కోట్‌లో ఆ ప్రశ్నకు జవాబు వేలు పెట్టి చూపించొచ్చు. సాయంత్రం షిఫ్టు మారే వేళ మెటోడా గేట్ల ముందు మోటార్ సైకిళ్లు బారులు తీరతాయి. ఎవరి వీపుకో టూల్ సంచి ఉంటుంది. అది ఏ షెడ్డులోనో ఎర్ర దీపం ఆర్పడానికి వెళుతుంటుంది. అది ఆరే దాకా ఆ షెడ్డు యజమాని భోజనానికి లేవడు.