గిటార్ నాకు రాదనుకున్నా!

"నీ వేళ్లు చిన్నవి. గిటార్ నీకు కుదరదులే" అని ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో ఒకరు అంటే, నిజమే కాబోలనుకున్నా. ఆన్‌లైన్లో మూడున్నర వేలకు కొన్న గిటార్ అది. సి కార్డ్ పట్టుకుంటే చాలు, వేళ్ల చివర్లు మండిపోయేవి. ఎఫ్ కార్డ్ అయితే ఏడాది కుస్తీ పట్టినా ఒక్కసారీ సరిగ్గా మోగలేదు. చివరికి విసుగొచ్చి సత్యవేడులో ఉండే పిన్ని కొడుక్కి ఇచ్చేశా. కొన్నాళ్లకు వాడూ మూలన పెట్టేశాడు. "నీకు ఓపిక లేదురా" అని వాణ్ని తిట్టింది నేనే.

ఇప్పుడు శ్రీ సిటీలో ఉద్యోగం. ఫ్యాక్టరీలో మెషీన్లకు సాఫ్ట్‌వేర్ రాసే పని. సాయంత్రం రూముకొచ్చాక ఇక్కడ పెద్దగా కాలక్షేపం ఉండదు. సూళ్లూరుపేట వి ఎపిక్‌లో రోజూ సినిమా చూడలేం కదా! మళ్లీ గిటార్ మీదికి మనసు పోయింది. ఒక ఆదివారం తడలో లోకల్ రైలెక్కి చెన్నై వెళ్లా. అన్నా సాలైలో 1842 నుంచి ఉన్న మ్యూజీ మ్యూజికల్‌తో మొదలుపెట్టి రెండు మూడు షాపులు తిరిగా. ఈసారి ఫొటో చూసి కాదు, ఒళ్లో పెట్టుకుని చూసి కొనాలని ముందే అనుకున్నా.

పెద్ద గిటార్ పట్టుకుంటే కుడి భుజం పైకి లేచిపోయింది. చిన్న బాడీది తీసుకుంటే చెయ్యి హాయిగా కిందికి దిగింది. "ఇది పిల్లలదా అన్నా?" అని అడిగితే షాపతను నవ్వాడు. తర్వాత చదివితే తెలిసింది, అసలు పాత గిటార్లే చిన్నవట. ఇప్పుడు మనం మామూలు సైజు అనుకునే పెద్ద గిటార్‌ని అమెరికాలో మార్టిన్ కంపెనీ తయారుచేసింది 1916లో. దానికి డ్రెడ్‌నాట్ అని ఒక బ్రిటిష్ యుద్ధనౌక పేరు పెట్టారు. అంటే యుద్ధనౌకని మోయలేకపోయానని నేను ఇన్నేళ్లు బాధపడ్డానన్నమాట!

చిన్న బాడీలో లోతైన బేస్ కాస్త తగ్గుతుంది. గదిలో వాయించుకోవడానికి అది చాలు, పక్క రూము వాళ్లకూ మంచిది. పది వేల లోపు దొరికే వాటిలో ముందు చెక్క ఎక్కువగా పొరలు అతికించినదే ఉంటుంది. ఒకే పలకతో చేసినంత నిండుగా మోగదు గానీ, పులికాట్ గాలిలో ఉండే తేమను తట్టుకుంటుంది. అదే కొన్నా.

రూముకొచ్చి వాయిస్తే మళ్లీ వేళ్లు నొప్పి! గుండె జారిపోయింది. పది వేలూ బూడిదలో పోశానా అనిపించింది. కానీ ఫ్యాక్టరీలో మెషీన్ తప్పు చేస్తే మేం ముందు ఆపరేటర్ని తిట్టం, కొలతలు చూస్తాం. ఇక్కడ మాత్రం ఎందుకు చూడకూడదు?

స్టీల్ స్కేలు తీసుకుని 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎంత ఎత్తులో ఉందో కొలిచా. 3.2 మిల్లీమీటర్లు. మామూలుగా లావు తీగకు 2.5, సన్న తీగకు 2 దాకా ఉంటే వేళ్లకు సుఖం. ఎత్తు ఎక్కువైతే నొప్పి ఒక్కటే కాదు. నొక్కినప్పుడు తీగ ఎక్కువ సాగి స్వరం పైకి పోతుంది. ట్యూనర్ యాప్‌లో అన్నీ సరిగ్గా చూపించినా కార్డ్ అపశ్రుతిగా వినిపించడానికి అదీ ఒక కారణం. నా చెవి కూడా మంచిది కాదనుకున్నానే!

ముందు మెడ వంపు చూశా. ఒక తీగని మొదటి ఫ్రెట్ దగ్గర, మెడ బాడీని కలిసే చోట నొక్కిపట్టి, మధ్యలో ఏడో ఫ్రెట్ మీద సందు చూడాలి. విజిటింగ్ కార్డు మందం ఉంటే చాలు. నాది బాగానే ఉంది. సందు మరీ ఎక్కువుంటే మెడలోని ఇనుప కడ్డీని అలెన్ కీతో పావు చుట్టు మాత్రమే బిగించి మళ్లీ చూడాలి. బలవంతం చెయ్యకూడదు.

ఆ తర్వాత శాడిల్. అంటే బ్రిడ్జి మీద తీగలు ఆనే తెల్లటి పట్టీ. 12వ ఫ్రెట్ తీగకు సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి, అక్కడ 0.7 తగ్గాలంటే శాడిల్ దగ్గర రెట్టింపు, అంటే 1.4 మిల్లీమీటర్లు తియ్యాలి. తీగలు వదులు చేసి శాడిల్ బయటికి లాగా. అద్దం మీద గరుకు కాగితం పరిచి దాని అడుగు భాగాన్ని రుద్దా. కొంచెం రుద్దడం, తీగలు బిగించి కొలవడం, మళ్లీ రుద్దడం. ఎక్కువ అరగదీస్తే తిరిగి అతికించలేం కదా. రెండు గంటలు పట్టింది.

అర్ధరాత్రి ఎఫ్ పట్టుకున్నా. ఆరు తీగలూ మోగాయి.

సంతోషం కంటే ముందు తమ్ముడు గుర్తొచ్చాడు. తర్వాతి ఆదివారం స్కేలు జేబులో పెట్టుకుని సత్యవేడు వెళ్లా. బీరువా మీద దుమ్ము కొట్టుకుని ఉంది పాత గిటార్. కొలిస్తే 4.5 మిల్లీమీటర్లు! శాడిల్ తగ్గించి, సన్న తీగలు వేసినా 3 దగ్గరే ఆగింది. అయినా వాడి చేతికిచ్చా. నెమ్మదిగా ఒక కార్డ్ పట్టాడు, మోగింది.

"ఇంత సులభమా అక్కా? మరి అప్పుడు నన్నెందుకు తిట్నావు?"

నా దగ్గర జవాబు లేదు. నన్ను ఒకరన్న మాటే నేను కాస్త మార్చి వాణ్ని అన్నా. "సారీరా" అన్నా. వాడు వినలేదు, రెండో కార్డ్ వెతుక్కుంటున్నాడు.

మీ ఇంట్లోనూ బీరువా మీద ఒక గిటార్ ఉంటే, అది మీకు రాదని తేల్చుకునే ముందు ఒక్కసారి కిందికి దించి 12వ ఫ్రెట్ దగ్గర స్కేలు పెట్టి చూడండి.