ఇనామ్

షౌఖ్‌కి హిసాబ్ ఉండదంటారు. నా షౌఖ్‌కి మాత్రం పక్కా హిసాబ్ ఉంది. ఒక నోట్‌బుక్కులో పేజీ మధ్యన గీత కొట్టి, ఎడమ పక్కన 'రోడ్డు', కుడి పక్కన 'ట్రాక్' అని రాసుకున్నాను. బండికి ఏ సామాను మార్చినా రెండు పక్కలా రాస్తాను. ఒక పక్క ఫాయిదా అయితే రెండో పక్క దాదాపు ప్రతిసారీ నుక్సానే. ఆఫీసుకు పోయేదీ, ట్రాక్ మీద తిరిగేదీ ఒకటే బండి కావాలనుకునే వాడికి నేను చెప్పగలిగిన మొదటి మాట ఇదే. ఇద్దరు దోస్తులతో సమానంగా రిష్తా నడిపినట్టుంటుంది. ఒకరిని మురిపిస్తే ఇంకొకరు అలుగుతారు.

నా బండి 1990 మోడల్ మాజ్దా మియాటా. ఎర్రది. రెండే సీట్లు, గుడ్డ టాపు. స్విచ్చి నొక్కితే హెడ్‌లైట్లు కప్ప కళ్లలా పైకి లేస్తాయి. నేను డాలస్‌కి వచ్చిన నాలుగో ఏడాది కొన్నాను. అప్పటికే దానికి నాలుగు చేతులు మారాయి. హైదరాబాద్‌లో ఉన్నంతకాలం ఇలాంటి బండిని కళ్లతో చూసింది లేదు. మనకి పాత షాన్ ఉన్న కారంటే చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపు రంగు రోల్స్‌రాయిసే. ఆరో నిజాం మెహబూబ్ అలీఖాన్ కోసం ఆర్డరిచ్చిన సిల్వర్ ఘోస్ట్ అది. ఊరేగింపులకి తప్ప బయటికి తీసేవాళ్లు కాదు. చిన్నప్పుడు అద్దం అవతల దాన్ని చూసి నోరెళ్లబెట్టాను. ఇప్పుడు తల్చుకుంటే తరస్ వస్తుంది. నడవని బండి బండెట్లా అవుతుంది?

మియాటా కథ వేరు. బాబ్ హాల్ అని ఒక అమెరికా మోటారు పత్రికల జర్నలిస్టు 1979లో మాజ్దా పెద్దాయన కెనిచి యమమోటో దగ్గర ఒక మాట వేశాడు. తేలికగా, చవగ్గా, టాపు తీసి తిరిగే చిన్న స్పోర్ట్స్ కారు ఎందుకు చేయకూడదని. అప్పటికి ఇంగ్లీషు వాళ్ల చిన్న ఓపెన్ కార్లు ఒక్కొక్కటే ఖతమవుతున్నాయి. వాటిని మొహబ్బత్‌తో కొన్నవాళ్లు ఆదివారమంతా వాటి కింద పడుకుని నూనె కారడం ఆపుకునేవాళ్లు. ఆ మజా ఉండాలి, ఆ తకలీఫ్ ఉండకూడదు. అదీ ఖయాల్. తోషిహికో హిరాయ్ అనే ఇంజినీరు ఆ పని తలకెత్తుకున్నాడు. 1989 ఫిబ్రవరిలో షికాగో షోలో బయటపెట్టారు. 1.6 లీటర్ల ఇంజను, 116 హార్స్‌పవర్, బరువు ఒక టన్నులోపే. ఇప్పటి మామూలు ఫ్యామిలీ కారుకే అంతకంటే ఎక్కువ తాఖత్ ఉంటుంది. మరి ఇందులో ఏముంది అంటారా? బరువు లేకపోవడమే ఉంది. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ బరువు దాదాపు సగం సగం పంచారు. ఆ తూకం కోసమే బ్యాటరీని వెనక డిక్కీలో పెట్టారు. గేర్‌బాక్స్‌నీ వెనక డిఫరెన్షియల్‌నీ కలుపుతూ పొడుగ్గా ఒక అల్యూమినియం చట్రం బిగించారు. గేరు మారిస్తే గుబుక్కున ఊగదు, చేతికి టక్కుమని తెలుస్తుంది.

జపాన్ వాళ్లు దీన్ని జిన్బా ఇట్టాయ్ అన్నారు. గుర్రం, సవార్ ఒక్క జాన్ అయిపోవడమని. మియాటా అన్న మాటేమో పాత జర్మన్ భాషదట, ఇనామ్ అని అర్థమట. జపాన్ బండి, జర్మన్ పేరు, అమెరికా రోడ్డు, ఖమ్మం డ్రైవరు. బాగానే కలిసింది ఖిచిడీ.

ఇక హిసాబ్‌లోకి వస్తాను.

మొదట బ్రేకులు. ట్రాక్ కోసం ఇంజనుకి తాఖత్ పెంచడం కాదు, బండిని ఆపడం ముందు చూసుకోవాలి. బ్రేకు ఆయిలు గాల్లో తేమని తాగుతుంది. కొత్త డాట్ 3 ఆయిలు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, డాట్ 4 అయితే 230 దాకా. తేమ పట్టాక ఆ లెక్క 140, 155కి పడిపోతుంది. ఆఫీసు దారిలో అంత వేడి ఎప్పుడూ రాదు. ట్రాక్ మీద ఇరవై నిమిషాలు తిప్పితే వస్తుంది. ఆయిలు మరిగితే పైపులో ఆవిరి బుడగలు. పెడల్ తొక్కితే దూది మీద కాలేసినట్టు కిందికి పోతుంది. అందుకే ప్రతి ట్రాక్ దినానికి ముందు పాత ఆయిలు తీసేసి కొత్తది పోస్తాను. ప్యాడ్లు కూడా వేడికి తట్టుకునే రకం వేశాను. అవి చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టవు. పొద్దున్నే సందు మలుపులో కీచుమని అరుస్తాయి కూడా. ఇక నుక్సాన్ పక్కన రాసింది మా పక్కింటి కుక్క కోపం.

తర్వాత రేడియేటర్. పాతదానికి పైన ప్లాస్టిక్ ట్యాంకు. నల్లగా ఉండాల్సింది ఏళ్లు గడిచే కొద్దీ గోధుమ రంగుకి తిరుగుతుంది. ఆ రంగొచ్చిందంటే అది వీడ్కోలు చెబుతున్నట్టే. టెక్సస్ ఎండలో దాంతో జిద్ పెట్టుకోకూడదు. మార్చేశాను. రెండు పక్కలా ఫాయిదా రాసిన సామాను ఇదొక్కటే.

చక్రాల అలైన్‌మెంట్ ఇంకో పంచాయితీ. మలుపులో టైరు మొత్తం రోడ్డుని పట్టుకోవాలంటే చక్రాలు పై భాగంలో కాస్త లోపలికి వంగి ఉండాలి. అట్లా వంచితే రోజూ నేరుగా నడిచే హైవే మీద టైరు లోపలి అంచు ముందే అరిగిపోతుంది. నేను రెండింటికీ మధ్యన రాజీ పడ్డాను. సులహ్ అంటే అదే కదా, ఇద్దరూ కొంచెం కొంచెం నారాజ్‌గా ఉండటం.

అన్నిటికంటే పెద్ద సవాల్ రోల్ బార్. టాపు లేని బండి పల్టీ కొడితే తల మీద ఏమీ ఉండదు. అందుకని సీట్ల వెనక ఇనుప విల్లు బిగించుకుంటే గానీ ఇక్కడ ట్రాక్ మీదికి రానివ్వరు. బార్ మీది నుంచి ముందు అద్దం పై అంచు దాకా ఒక కర్ర ఆనించి చూస్తారు. హెల్మెట్ పెట్టుకుని కూర్చుంటే తల ఆ కర్రకి తగలకూడదు. ట్రాక్ మీద జాన్ కాపాడేది ఇదే. అదే బార్ రోడ్డు మీద, హెల్మెట్ లేని తలకి జానెడు వెనకాల ఉంటుంది. వెనక నుంచి ఎవరైనా గుద్దితే? గట్టి ఫోమ్ తొడిగాను, సీటు ముందుకీ కిందికీ జరిపి దూరం పెంచాను. ఆ ఫిక్ర్ మాత్రం మొత్తంగా పోలేదు. మా చిన్నోడిని ఈ బండిలో ఎక్కించలేదు. వాడు ఏడ్చాడు, అయినా సరే.

ఇట్లా నడుస్తుండగా ఒక ట్రాక్ దోస్త్ మంచి సలహానే ఇచ్చాడు. "రెండు పడవల మీద కాళ్లెందుకు? స్పెక్ మియాటా చేసెయ్." అది ఇక్కడ చాలా పేరున్న రేసుల తరగతి. అందరివీ ఇవే బండ్లు, దాదాపు ఒకటే సామాన్లు. అందుకే ఎవడి హునర్ ఎంతో బయటపడుతుంది. దానికి లోపలంతా పంజరంలా ఇనుప కేజ్ కట్టాలి. కార్పెట్ పీకాలి. పక్క సీటు తీసేయాలి. ఆ పైన అది రోడ్డు బండి కాదు, ట్రెయిలర్ మీద ఎక్కించి తీసుకుపోయే బండి. నా దిల్ దాదాపు అటే మొగ్గింది. కేజ్ కట్టేవాడి దగ్గర ధర కూడా కనుక్కున్నాను.

ఆ నెలలోనే అబ్బా ఖమ్మం నుంచి వచ్చాడు, ఆరు నెలలు ఉందామని.

అబ్బా నలభై ఏళ్లు మోటార్ మెకానిక్. రేకుల షెడ్డు, ఒక గుంట, ఇద్దరు షాగిర్దులు. అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు. ఊళ్లో అందరికీ ఉస్తాద్. సొంత కారు మాత్రం జిందగీలో కొనుక్కోలేదు. ఇప్పుడు కుడి చెయ్యి వణుకుతుంది. టీ సాసర్ పట్టుకుంటే చప్పుడవుతుంది, అందుకని గ్లాసులో తాగుతాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తం.

గరాజ్‌లో మియాటాని చూసి చుట్టూ ఒకసారి తిరిగాడు. "కైకు రే, ఛత్ నై, పీఛే బైఠ్నేకు జగా నై, ఇత్తే పైసే కైకు డాల్ రా?" అన్నాడు. నేను జవాబివ్వకుండా బానెట్ లేపాను. అంతే, అబ్బా ఖామోష్. ఒంగి చూస్తూ ఉండిపోయాడు. నేను కుర్చీ తెచ్చి వేశాను.

టైమింగ్ బెల్టు మార్చే వేళ దగ్గరపడింది. 60,000 మైళ్లకోసారి మార్చాలి. ఈ ఇంజనులో బెల్టు తెగినా పిస్టన్లు వెళ్లి వాల్వుల్ని కొట్టవు, బండి ఆగిపోతుంది అంతే. కానీ రెండు వందల మైళ్ల దూరంలో ఆగితే? రోడ్డుకీ ట్రాక్‌కీ ఒకే బండి ఉన్నవాడు సోమవారం పొద్దున దాని మీదే ఆఫీసుకు పోవాలి. "దోనో మిల్‌కే కర్తే," అన్నాడు అబ్బా. ఇద్దరం కలిసి చేద్దామని.

నా బండి మొదటి ఏళ్లది కదా, క్రాంక్ ముక్కు పొట్టిది. కింది పుల్లీకి నాలుగు గాట్లుంటే పొట్టి ముక్కు, ఎనిమిదుంటే పొడుగు ముక్కు. పొట్టిదాంట్లో పుల్లీ బోల్టు సరిగ్గా బిగించకపోతే లోపలి తాళం చీల వదులై, గాడిని తినేస్తుంది. గాడి పోతే క్రాంకే పోయినట్టు. పుల్లీ ఊడదీశాక అబ్బా గాడిలో చూపుడువేలు పెట్టి మెల్లగా రాశాడు. లైటు వెయ్యబోతే వద్దన్నాడు. కళ్లకి అద్దాలున్నా వేళ్ల మీదే ఆయనకి యకీన్. "బరాబర్ హై," అన్నాడు.

తర్వాత బెల్టు ఎక్కించాం. పైన రెండు కామ్ పుల్లీలకీ గుర్తులుంటాయి, ఒకదానికి ఐ, ఒకదానికి ఈ. ఆ రెంటి మధ్యన బెల్టు పళ్లు పంతొమ్మిది ఉండాలి. ఒకటి తేడా వచ్చినా ఇంజను సురు తప్పుతుంది. పానా పట్టింది నేను, లెక్క పెట్టింది అబ్బా. ఒక్కో పన్ను మీద వేలు ఆనిస్తూ, ఏక్, దో, తీన్. నేను చూశాను. ఏదైనా ఇనుము మీద ఆనినంత సేపూ ఆ వేలు వణకలేదు. ఉన్నీస్ దగ్గర ఆగి, మళ్లీ వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. ఆ పైన బోల్టు బిగించడానికి టార్క్ రెంచ్ తీస్తే నవ్వాడు. "హమారే జమానే మే హాథీచ్ మీటర్ థా." చెయ్యే మీటరంట. తర్వాత ఆ చెయ్యి వైపు ఒకసారి చూసుకుని జేబులో పెట్టుకున్నాడు.

రెండు వారాల తర్వాత ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని క్రెస్సన్‌కి పోయాను. ఫోర్ట్‌వర్త్‌కి నైరుతిన, 1.7 మైళ్ల ట్రాక్ ఉన్న చోటు. అబ్బాకి మోకాళ్ల నొప్పి. బండి సీటేమో నేలకి ఆని ఉన్నట్టుంటుంది. ముందు కూర్చుని, ఆ తర్వాత ఒక్కో కాలూ చేత్తో లోపలికి తీసుకున్నాడు. టాపు తీసి నడిపాను. దారి పొడుగునా టోపీ ఒక చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ఊరు దాటాక మాత్రం, నేను గేరు మార్చిన ప్రతిసారీ ఆయన ఎడమ కాలు కొంచెం కదలడం చూశాను. నాతోపాటు క్లచ్ తొక్కుతున్నాడు.

ట్రాక్ దగ్గర నీడలో కూర్చుని నేను తిరగడం చూశాడు. దిగగానే అడిగాడు, ఎన్నో నంబర్ వచ్చావని. ఇది రేసు కాదు, నేర్చుకోవడమని చెప్పాను. కొత్తవాళ్ల గుంపులో దాటిపోవాలంటే నేరు దారిలోనే దాటాలి. అది కూడా ముందున్నవాడు చెయ్యి చూపించి దారిస్తేనే. అబ్బాకి ఇది బాగా పసంద్ అయింది. "అదబ్ హై," అన్నాడు. నాలుగు టైర్లనీ అరచేత్తో తాకి చూసి, ముందు ఎడమది ఎక్కువ వేడెక్కింది, గాలి చూసుకో అన్నాడు. గేజ్ పెడితే ఆయన మాటే నిజం.

తిరుగు దారిలో పొద్దుగూకింది. హెడ్‌లైట్లు పైకి లేస్తే చిన్న పిల్లాడిలా నవ్వాడు. ఇంటికొచ్చాక దోస్త్‌కి ఫోన్ చేసి కేజ్ వద్దని చెప్పేశాను. పక్క సీటు ఎంత బరువు, పదిహేను కిలోలుంటుందా, అది తీస్తే ల్యాపుకి ఎంత కలిసొస్తుంది అని తను లెక్క చెప్పాడు. లెక్క సరైనదే. కానీ ఆ సీటులో కూర్చోవడానికి మనిషి ఉన్నాడు.

అబ్బా మార్చిలో ఖమ్మం వెళ్లిపోయాడు. ఎయిర్‌పోర్టుకి కూడా మియాటాలోనే పోదామన్నాడు. సూట్‌కేసులు పట్టవు, అందుకని అవి పెద్ద కారులో బేగం తెచ్చింది. మేమిద్దరం ముందు నడిచాం. ఇప్పుడు ఫోన్ చేస్తే నా తబియత్ కంటే ముందు బండి తబియత్ అడుగుతాడు. నేను ఏడాదికి నాలుగైదు వేల మైళ్లకి మించి నడపను. ఆ లెక్కన ఇంకో బెల్టుకి పన్నెండేళ్లకు పైనే పడుతుంది. ఈ మాట అబ్బాకి చెబితే ఒక క్షణం ఆగాడు. "తబ్ తక్ తేరా బేటా పానా పకడ్‌లేతా," అన్నాడు. అప్పటికి నీ కొడుకు పానా పట్టుకుంటాడులే అని.

నిన్న గరాజ్‌లో చిన్నోడికి పంతొమ్మిది దాకా లెక్కపెట్టడం నేర్పాను. ఉర్దూలో. పదకొండు దగ్గర తడబడుతున్నాడు. తొందరేం లేదు.