ఊలుబంతి, ఒక కథ, కొంచెం గాలి

శరదృతువు అంటే ఇంగ్లీషు సినిమాల్లో చెట్లన్నీ ఎర్రబడి ఆకులు రాలుస్తాయి కదా... మా ఉద్దానంలో ఆ ముచ్చట లేదండీ. కొబ్బరి, జీడి, పనస ఏడాదంతా పచ్చగానే ఉంటాయి. అమ్మ ట్రంకుపెట్టె అడుగునుంచి ఊలుబంతి తీసిందంటే మాకు శరత్తు వచ్చినట్టు :)

ఆఫీసు వాళ్ళు ఇంటినుంచి పని చేసుకోమన్నారు కాబట్టి ఈసారి పండగలన్నీ ఇక్కడే. సాయంత్రం లాప్‌టాప్ మూసేసి, అరుగు మీద కూర్చుని కారా మాస్టారి కథలు చదువుతున్నా. పక్కనే అమ్మ స్వెట్టర్ అల్లుతుంది. ఈ ఊళ్ళో స్వెట్టర్ ఎందుకమ్మా అంటే, "నీకేటి తెలుసు, మాట్లాడించకు, లెక్క తప్పిపోతాది" అంటుంది. నిజానికి అది కూడా ఒక ప్రోగ్రామే. ఒక్క కన్ను జారితే మొత్తం విప్పాలి.

అయితే ఈ నెలల్లో గాలి కొంచెం గట్టిగా వీస్తే చాలు, అమ్మ సూదులు ఆగిపోతాయి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. తోటలు తోటలే పడుకున్నాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఆరేడేళ్ళు పడుతుంది మరి! నాన్న 2019లో నాటినవి ఇప్పుడిప్పుడే గెలలు వేస్తున్నాయి. ఆయన రోజుకి పదిసార్లు ఫోన్లో వాతావరణం చూస్తారు. నేనూ చూస్తాను, కథ మధ్యలో ఆపి.

స్వెట్టర్‌కి చేతులు మిగిలాయి. దీపావళికి అయిపోతుందట. నాకు మాత్రం కార్తీకం దాటితే చాలు.