కొత్తింటికి తొలి బిందె

ఉద్దానంలో మా గృహప్రవేశం నాడు పాలు పొంగి పొయ్యి ఆరింది. ఆ వెంటనే కరెంటు పోయింది, మోటారు ఆగింది. వచ్చిన చుట్టాలకు కాళ్లు కడుక్కోవడానికైనా నీళ్లు లేవు. పక్కింటి పిన్ని బిందె చంకనెత్తుకొచ్చి, "కొత్తిల్లు దాహంతో ఉండకూడదమ్మా" అంది. కిడ్నీ జబ్బులు ఇన్ని ఇళ్లను కుంగదీసిన ఈ నేల మీద మంచినీళ్ల బిందె చిన్న దానం కాదు. రిజిస్ట్రేషను కాగితం ఇంటిని నాది చేసింది. ఊళ్లో నన్ను కలిపింది మాత్రం ఆ బిందే అనిపిస్తుంది.

ఇక్కడ నీళ్లలాగే చెట్టూ విలువైనదే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడితోటల్ని కూల్చేసింది. పిన్ని తోటా పోయింది. అందుకే ఈ వైపు గృహప్రవేశానికి పిలుపొస్తే, చదివింపులతో పాటు ఒక కొబ్బరి మొక్క పట్టుకెళ్లండి.